సంచిపై పేరు మారితే మక్కజొన్న వంశం మారినట్టేనా?

వానాకాలం ముంగిట వరంగల్ విత్తన దుకాణాల్లో మక్కజొన్న హైబ్రిడ్ల పేర్లు చదువుతూ కూర్చుంటే పూట గడిచిపోతుంది. పేర్లు ఎన్ని ఉంటే పొలాల్లో అంత వైవిధ్యం ఉందనుకోవడం మాత్రం పొరపాటు. ఆరేడు తరాలు స్వీయ పరాగసంపర్కం జరిపి స్థిరపరచిన రెండు వంశాలను కలిపితే హైబ్రిడ్ వస్తుంది; వేర్వేరు హైబ్రిడ్ల తల్లిదండ్రులు దగ్గరి చుట్టాలైతే సంచి మారినా లోపలి జన్యువులు పెద్దగా మారవు.

ఈ చుట్టరికాన్ని కొలిచేవే డీఎన్‌ఏ మార్కర్లు, అంటే వంశాన్ని బట్టి తేడా చూపే డీఎన్‌ఏ గుర్తులు. మొక్క ఎత్తు, పీచు రంగు, జల్లు (మగపూత) వచ్చే రోజులు చూసి వంశాలను వేరుచేసే పాత పద్ధతిలో నేల, నీరు, ఎండల ప్రభావం కలగలిసిపోయేది. మార్కర్లకు లేత ఆకు ముక్క చాలు. పది జతల క్రోమోజోముల్లో రెండు మూడు డీఎన్‌ఏ అక్షరాలు మళ్లీ మళ్లీ వచ్చే చోట్లు అనేకం. ఆ ఆవృత్తుల సంఖ్య వంశాన్ని బట్టి మారుతుంది గనుక ఎస్‌ఎస్‌ఆర్ మార్కర్లు వాటి పొడవులను పోల్చి ఎవరు ఎవరికి దగ్గరో తేలుస్తాయి. ఒక్క అక్షరం తేడాను పట్టే ఎస్‌ఎన్‌పీలనైతే ఒకే చిప్‌పై వేలల్లో చదవవచ్చు.

జన్యు దూరం ఎక్కువైతే దిగుబడి తప్పక పెరుగుతుందని కాదు. చాలా మార్కర్లకు దిగుబడితో నేరుగా సంబంధం ఉండదు. అయినా 100 వంశాలను రెండేసి చొప్పున కలపాలంటే 4,950 సంకరాలు చేయాలి. దగ్గరి వంశాలను ముందే గుంపులుగా విడదీసి, వేర్వేరు గుంపుల వాటినే కలిపితే కొత్త రకాలు రూపొందించే ప్రజననకారుడికి ఆ శ్రమ ఎంతో తగ్గుతుంది.

అమెరికాలో 1970లో జరిగినది ఇక్కడ గుర్తుచేసుకోవాలి. తల్లి మొక్కల జల్లు తీసే కూలి ఖర్చు తప్పుతుందని అక్కడి విత్తనంలో దాదాపు 85 శాతానికి, పనికొచ్చే పుప్పొడి రానివ్వని టెక్సాస్ మగవంధ్య కణద్రవ్యాన్నే (కణంలో కేంద్రకం చుట్టూ ఉండే పదార్థం) వాడారు. ఆకుమాడు తెగులు వచ్చి పంటలో సుమారు 15 శాతాన్ని తుడిచిపెట్టింది. ఆ బలహీనత ఉన్నది కేంద్రకంలో కాదు, కణద్రవ్యంలో ఉండి తల్లి నుంచి వచ్చే మైటోకాండ్రియాలో. కేంద్రక మార్కర్లు మాత్రమే చూసి ఉంటే వైవిధ్యం బాగానే ఉందన్న నివేదికే వచ్చేది! అందుకే మన పరీక్షల్లో కణద్రవ్యాన్నీ చేర్చాలి.

తల్లిదండ్రుల వివరాలు వ్యాపార రహస్యమన్న కంపెనీల వాదనలో న్యాయముంది. కానీ ఆ వివరాలు బయటపెట్టకుండానే, మార్కెట్లోని హైబ్రిడ్లు ఒకదానికొకటి ఎంత దగ్గరో రాజేంద్రనగర్, కరీంనగర్ పరిశోధన కేంద్రాలు పరీక్షించి ప్రకటించవచ్చు. మూడెకరాలకు మూడు కంపెనీల సంచులు కొని, తెగులొస్తే ఒక్కటైనా నిలబడుతుందని ధీమాగా ఉండే నర్సంపేట రైతుకు, అవి మూడూ ఒకే ఇంటి బిడ్డలో కాదో నేడు సంచి మీది లేబుల్ చెప్పదు.