మమకారానికి సర్కారు రేటు

పెళ్లిలో పెట్టిన వాచీకి మన దేశంలో చట్టం ఇచ్చిన హోదా ఒకటుంది. వరంగల్‌లో పెళ్లిళ్లు చేసే చాలామందికి ఈ సంగతి తెలియదు. తెలిసినవాళ్లు చెప్పరు. 1961 వరకట్న నిషేధ చట్టం కింద 1985లో కొన్ని నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం వధూవరులకు వచ్చిన కానుకలకు జాబితా రాయాలి: వస్తువు ఏమిటి, సుమారు ధర ఎంత, ఇచ్చినవారు ఎవరు, చుట్టరికం ఏమిటి. కింద ఇద్దరూ సంతకం పెట్టాలి. ఇంత జాగ్రత్తగా ఆలోచించిన పెద్దలు ఒక్క గడి మరిచిపోయారు. మమకారం విలువ ఎంత అనే గడి. అది లేకపోవడం వల్ల ఉత్తర తెలంగాణకు జరుగుతున్న నష్టాన్ని సవినయంగా ప్రభుత్వం దృష్టికి తెస్తున్నాను.

అరవైల్లో, డెబ్బైల్లో మా దిక్కు అల్లుడికి పెట్టేవి సైకిలు, రేడియో, వాచీ. సైకిలు తొక్కడానికి, రేడియో వినడానికి, వాచీ కనబడడానికి. నమ్మకం లేకపోతే మీ ఇంట్లో ఆ కాలపు నలుపు తెలుపు ఫొటో తీసి చూడండి. కుర్చీలో కూర్చున్న పెళ్లికొడుకు ఎడమ చెయ్యి మోకాలి మీద ఉంటుంది. చొక్కా చేతులు రెండు మడతలు పైకి ఉంటాయి. పక్కన నిలబడ్డ పెళ్లికూతురి ముఖం కొంచెం మసకగా వచ్చినా ఎవరూ ఏమీ అనలేదు గానీ, వాచీ ముళ్లు మాత్రం స్పష్టంగా రావాల్సిందే. టైము చూసుకోవడానికి దాంతో పనేముంది? గోదావరిఖనిలో టైము సింగరేణి సైరన్ చెప్పేది. ఊళ్లలో బస్సు చెప్పేది, వచ్చిననాడు.

ఆ వాచీ ఎక్కువగా హెచ్.ఎం.టి. బెంగళూరులో 1961లో, జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో పెట్టిన ఫ్యాక్టరీది. అందులో జనతా మోడల్‌కు లోపల 17 రాళ్లు. ఈ పదిహేడు రాళ్ల సంగతి అల్లుడి తరఫువాళ్లు వాడవాడలా చెప్పుకున్నారు. అబద్ధం కాదు, అవి కెంపులే. కాకపోతే ఫ్యాక్టరీలో తయారైన కెంపులు, చక్రాల ఇరుసులు అరగకుండా పెట్టినవి. అన్నీ ఊడదీసి అమ్మినా చాయ్ నీళ్లకు రావు. ఆ రాళ్ల కోసం రెండు రోజులు అలిగి, అన్నం మానేసి, మామ చేత అప్పు చేయించి తీసుకున్న వాచీ ఇరవై ఏళ్లు గడిచేసరికి "మా మామ ప్రేమతో పెట్టిండు" అయిపోతుంది. బీరువాలో ఊరబెడితే అలక కూడా మమకారంగా మారుతుందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

తర్వాత గల్ఫ్ వచ్చింది. జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో దుబాయ్ నుంచి వచ్చినవాడు సూట్‌కేసు విప్పే రాత్రి, చుట్టాల మీద ప్రేమ ఎంతెంతో తేలిపోయేది. పెద్దబావకు సీకో, చిన్నబావకు సిటిజన్, తమ్ముడికి కాసియో, పక్కింటి పెద్దాయనకు టైగర్ బామ్. ఆ రాత్రి కాసియో అందుకున్న తమ్ముడు ఇప్పటికీ ఆ సంగతి మరిచిపోలేదు. కాసియో ఇప్పటికీ నడుస్తూనే ఉంది, అదే అతని దురదృష్టం. ఆగిపోతే కదా సెంటిమెంటు మొదలయ్యేది!

ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పుకోవాలి. సెల్లు వాచీలో స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. దానికి మనిషితో పనిలేదు, అందుకే దాని మీద మనిషికి పెద్దగా మమత ఉండదు. కీ వాచీ అలా కాదు. నిండా కీ ఇస్తే ఒక రోజు పైచిలుకు నడుస్తుంది, మళ్లీ రేపు పొద్దున తిప్పాలి. ఆనాటి అల్లుడే ఇప్పుడు ఇంటికి బాపు, రోజూ చాయ్ తాగుతూ తిప్పుకున్నాడు. అది చూసి కొడుకు, "ఇంకా ఆ డొక్కు వాచీ ఏంది బాపూ, ఫోన్ల టైమ్ కనబడుతలేదా?" అన్నాడు. లోపల నూనె ఎండిపోయి వాచీ వెనకబడితే బాపు దాన్ని వరంగల్ చౌరస్తాకు పట్టుకుపోయాడు. అద్దాల డబ్బా వెనక, కంటికి భూతద్దం బిగించుకుని కూర్చున్న మెకానిక్ సర్వీసింగుకు అయిదు వందలు అవుతుందన్నాడు. "అయిదు వందలా! కొత్తదే వస్తది" అని ఫోన్లో తేల్చేసింది కూడా ఆ కొడుకే. అంటే బాపు బతికున్నప్పుడు ఆ వాచీ మమకార విలువ అయిదు వందల లోపే. ఇది దస్తావేజుల్లో నమోదు కావాల్సిన విషయం.

ఒక్క కొడుకునే తప్పు పట్టడం అన్యాయం, దేశమే అలా చేసింది. హెచ్.ఎం.టి. నడుస్తున్నన్నాళ్లు దాన్ని పాతకాలం సరుకన్నాం. 2014లో మూసేస్తారని వార్త రాగానే ఎగబడి కొన్నాం. 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం మూసివేతకు ఒప్పుకుంది, మమకారం ఇంకా పెరిగింది. సీకోతో కలిసి వాచీలు చేసిన మన హైదరాబాద్ ఆల్విన్‌కు ఆ పాటి ఏడుపు కూడా దక్కలేదు. ఇప్పుడు పాత హెచ్.ఎం.టి. వాచీల డయళ్లకు కొత్త రంగు వేసి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. తాత వాచీ దక్కనివాళ్లు ఎవరి తాతదో ఒకటి కొనుక్కోవచ్చు.

ఇక అసలు విషయం. బాపు పోయి దినాలు అయిపోయిన మధ్యాహ్నం, చుట్టాలు ఇంకా పూర్తిగా కదలకముందే, పెద్దన్న బీరువా తెరిచి వాచీ తీస్తాడు. "బాపు యాదికి ఇది నేనుంచుకుంట." చిన్నోడు ఊరుకోడు. "దవాఖానల తిరిగింది నేను, వాచీ నీకా?" ఇద్దరు కోడళ్లకూ మామ మీద అదివరకు లేని అభిమానం పుట్టుకొస్తుంది. బయటివాళ్లు ఈ గొడవను అపార్థం చేసుకుంటారు. ఆ రోజే భూమి మాట ఎత్తితే నలుగురూ నవ్వుతారు, వాచీ మాట ఎత్తితే నలుగురూ కళ్లు తుడుచుకుంటారు. కాబట్టి వాచీతో మొదలుపెట్టడమే మర్యాద.

చివరికి ఇద్దరూ ఒక్కసారిగా మెత్తబడతారు. ఈ మలుపు నేను చాలా ఇళ్లలో చూశాను, ప్రతిసారీ ఆశ్చర్యపోయాను. "మాకెందుకే చెల్లె, బాపుకు నువ్వంటే పాణం. బాపు వాచీ నీకే ఉండాలె." చెల్లె ఏడుస్తుంది. వదినెలూ ఏడుస్తారు. తర్వాత కొన్నాళ్లకు ఒక కారు ఆమె ఇంటిముందు ఆగి, రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తీసుకెళ్తుంది. "ఏం లేదు బిడ్డా, చిన్న సంతకం, ఉత్త ఫార్మాలిటీ."

పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది. 2005లో కేంద్రం చేసిన సవరణతో పెళ్లయినవాళ్లకూ ఆ హక్కు వచ్చింది. చట్టాలు అంత ముందుకు పోతే, ఆ వాటా వదులుకుంటున్నట్టు సంతకం పెట్టించుకోవడానికి అన్నలు వాచీ తీసి ఎదురు నిలబడ్డారు. కాబట్టి మమకారానికి రేటు లేదని నేను మొదట మొరపెట్టుకున్నది పాక్షికంగా మాత్రమే నిజం. రేటు ఉంది. ములుగు రోడ్డు పక్కన ఇరవై గుంటల భూమికి, అంటే అరెకరానికి, ఒక ఆగిపోయిన జనతా వాచీ. స్విట్జర్లాండ్‌లో బంగారు వాచీలు చేసేవాళ్లు కూడా ఒకసారి వచ్చి ఈ మార్కెట్టును చూసిపోవాలి.

అందుకే నా ప్రతిపాదన: ఇలాంటి ప్రతి సంతకం ముందు సబ్ రిజిస్ట్రార్ ఆ వాచీని తెప్పించాలి. చౌరస్తా మెకానిక్‌ను అధికారిక విలువ నిర్ణేతగా నియమించి, మూత తెరిపించాలి. చివరిసారి ఎప్పుడు నూనె పడింది, ఆ డబ్బులు ఎవరిచ్చారు, రాయించాలి. తేలిన మమకారం మీద స్టాంపు డ్యూటీ వసూలు చేయాలి. ప్రభుత్వ ఖజానాకు ఏమొస్తుందో గానీ, దినాల నాటి ఏడుపులు మాత్రం బాగా తగ్గుతాయి.

మంచిర్యాల దిక్కు ఒక ఇంట్లో స్టాంపు డ్యూటీ దాకా పోకుండానే మమకారం విలువ తేలిపోయింది. అన్నలిద్దరూ వాచీ తెచ్చి చెల్లె చేతికి కట్టబోతే ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని, "వాచీ మీరే కట్టుకోండ్రి అన్నా, బాపు చెయ్యి లెక్క మీ చెయ్యే ఉంటది. నాకు నా గుంటలు సాలు" అన్నది. ఆ తర్వాత వాచీ ఎవరికీ అక్కర లేకపోయింది. చిన్న కోడలు దాన్ని పిల్లగాడికి ఆడుకోవడానికిచ్చింది. ఈ కాలం ఆడపిల్లలకు సెంటిమెంటన్నదే లేకుండా పోయిందని పెద్దన్న కనబడ్డవాళ్లందరికీ చెప్పుకుంటున్నాడు.