అత్తగారి రిమోటూ, హెవీ మెటలూ

మా బామ్మర్దికి ఉన్నట్టుండి తన బేస్ గిటార్ పికప్పుల మీద మనసు విరిగింది. బేస్ అంటే లావు తీగలతో అడుగు స్వరాలు వాయించే గిటార్; పికప్పంటే ఆ తీగల అదురును కరెంటుగా మార్చే అయస్కాంతమూ, కాయిలూ. తిరుపతిలో ఆ బాధ చెప్పుకునేందుకు మనిషి దొరక్క, రోజూ రాత్రి అన్నం దగ్గర నాకే చెప్పేవాడు.

"బావా, మాది హెవీ మెటల్ బ్యాండు. లావు తీగను 'ఈ' స్వరం నుంచి 'సీ' స్వరానికి దించేసినాం. 41 హెర్ట్జ్ ఉండేది 33కి పడిపోయింది. ఈ పికప్పుతో అంతా బురద మాదిరి వస్తా ఉండాది."

వినీ వినీ నాక్కూడా కాస్త విద్య అబ్బింది. రెండు గిటార్లు డిస్టార్షన్‌తో, అంటే కావాలని చీల్చిన మోతతో, అరుస్తుంటే బేస్‌ను బతికించేది అడుగు మోత కాదు, మధ్య శ్రుతులు. అడుగు పెంచేకొద్దీ అది కాలితో కొట్టే కిక్ డ్రమ్ములో కలిసిపోతుంది. ఈ మాటంటే "నీకు తెలీదులే బావా" అంటాడు.

జాజ్ బేస్ అనే గిటార్‌కుండే రకం పికప్పులు వద్దన్నాడు. రెండు పికప్పుల్లో ఒక్కటే వాడితే కరెంటు గుయ్‌మనే మోతను కూడా పట్టుకుంటుందంట. ప్రెసిషన్ బేస్ అనే ఇంకో గిటార్‌కు ఫెండర్ కంపెనీ వాళ్లు 1957లో పెట్టిన రెండు ముక్కల పికప్పుకు ఆ పీడ లేదు. రెండు కాయిళ్లూ ఎదురుబొదురుగా పనిచేసి మోతను చంపేస్తాయి. మావాడిది ఆ రకమే, అయినా చాలదంటాడు. ఇంకొన్ని చుట్లు చుట్టిస్తే బలం పెరుగుతుందని మోటార్ వైండింగ్ షాపుకు తీసుకుపోయినాడు. ఆయన కాయిల్ విప్పి, వెలుతురుకు పట్టి చూసి, "సామీ, నేను బోరు మోటార్లు చుట్టేవాణ్ణి. ఈ తీగ కంటికే ఆనలేదు, చేతికెట్ల ఆనుతుంది?" అని చేతులెత్తేసినాడు. విప్పింది మాత్రం మళ్లీ అతుక్కోలేదు.

ఇంక వేరే దారి లేక, లోపలే చిన్న యాంప్లిఫయరుండే యాక్టివ్ పికప్పులు తెప్పించినాడు. వాటికి 9 వోల్టుల బ్యాటరీ కావాల. మోత పెంచి తగ్గించే పాత 250 కిలో ఓమ్‌ల నాబులు పీకి 25 కిలో ఓమ్‌లవి వేసినాడు. లోపల చోటు చాలక తీగలు బయటికి లాగి, బ్యాటరీని గిటార్ వీపున నల్ల టేపుతో అతికించినాడు. చూడ్డానికి ఆసుపత్రి నుంచి పారిపోయి వచ్చినట్టుండేది. కానీ మోగింది, ఇల్లదిరింది.

వినాయక చవితికి మా వీధి పందిట్లో వీళ్ల ప్రోగ్రాం. అన్నమయ్య కీర్తనలకూ కోలాటానికీ మధ్యన హెవీ మెటల్ పెట్టిన కమిటీ ధైర్యానికి దండం పెట్టాల. మైకులో పేరు పిలిచేసినారు. మావాడు తీగ మీటితే కుయ్యిమనలేదు. ముందురోజు రాత్రి సాధన చేసి, వైరు గిటార్‌కే వదిలేసి పడుకున్నాడు. వైరు గుచ్చి ఉన్నంతసేపూ ఆ పికప్పులు బ్యాటరీని తాగుతానే ఉంటాయి.

అంగడికి పోయే టైము లేదు. ఇంజినీరింగ్ చదివే డ్రమ్మరు ప్రాజెక్టుకు కొన్న ఆరు సెల్లుల డబ్బా తీసినాడు. ఆరు పెన్సిల్ సెల్లులు వరసగా పెడితే తొమ్మిది వోల్టులు. ఇద్దరూ అత్తగారింట్లోకి దూరినారు. గోడ గడియారంలో ఒకటి, అలారంలో ఒకటి, పిల్లోడి కారులో రెండు, టీవీ రిమోట్‌లో రెండు.

రెండో పాట అయ్యేసరికి అత్తయ్య స్టేజీ పక్కకు వచ్చి నిలబడింది.

"రేయ్, ఎనిమిదిన్నరకు నా సీరియలు."

"అమ్మా, ఇంకా రెండు పాటలుండాయి!"

"పాడుకో నాయనా, ఎవురొద్దన్నారు? నా రెండు సెల్లులు నాకిచ్చేసి పాడుకో."

అంతమంది ముందర వాడేం చేస్తాడు? రెండు సెల్లులు పీకిచ్చి, ఖాళీ గూళ్లలో చాక్లెట్ రేకు మడిచి కుక్కినాడు. తొమ్మిది వోల్టులు ఆరైనాయి. మూడో పాట ఎత్తుకున్నాడో లేదో, బేస్ గరగరా చీలిపోయి, ఎప్పుడూ లేనంత ముతకగా, కర్కశంగా లేచింది. ముందు వరసలో నల్ల టీషర్టు కుర్రోళ్లు తలలూపడం మొదలుపెట్టినారు.

ప్రోగ్రాం అయినాక ఒకడు ఉరుక్కుంటా వచ్చి, "అన్నా, ఆ టోను ఏం పికప్పన్నా?" అని అడిగినాడు.

మావాడు నా వైపు చూసినాడు. నేను అత్తగారింటి కిటికీ వైపు చూసినాను. లోపల సీరియలు నడుస్తా ఉంది.

"ఇంపోర్టెడ్," అన్నాడు.