చిలకకు మేత ఎవరు వేస్తారు?

ఏడు సముద్రాల అవతల ఒక మర్రిచెట్టు, ఆ చెట్టు తొర్రలో చిలక, ఆ చిలకలో మాంత్రికుడి ప్రాణం. కడప జిల్లాలోని మా ఊళ్లో ఎండాకాలం రాత్రుల్లో మిద్దె మీద పడుకొని ఈ కథ వినని పిల్లలు మా తరంలో లేరు. ఒక రాత్రి మా పెదనాయన కొడుకు, అప్పటికి ఆరేడేండ్లవాడు, కథ మధ్యలో లేచి కూర్చొని "జేజీ, ఆ చిలక్కి మేత ఎవురేస్తారు?" అని అడిగాడు. కథ చెబుతున్న జేజి, అంటే మా నాయనమ్మ, తడుముకోలేదు. "దానికొక జీతగాన్ని పెట్టినాడు లేరా" అంది. అంతటితో కథ దారి మళ్లింది. రాజకుమారుడు పక్కకు తప్పుకున్నాడు. నడిసముద్రంలో ఒంటిగా చిలకను కాస్తున్న జీతగాడు, వాడు తినే సంగటి, ఉగాదికి వాడికి ముట్టవలసిన జీతం, ఇవే ఆ వారమంతా మాకు కథ అయ్యాయి.

ఫాంటసీ కట్టుబాట్లను హాస్యంగా తిరగేసే నవల ఎక్కడ పుడుతుందని ఎవరైనా అడిగితే నాకు ఆ మిద్దె గుర్తుకొస్తుంది. మాంత్రికుడి చేతికి సెల్‌ఫోన్ ఇచ్చి, రాజకుమారి చేత ఇంగ్లీషు మాట్లాడించి నవ్వించడం తేలిక. ఆ నవ్వు పది పేజీలు దాటి నిలవదు, ఎందుకంటే రాసేవాడికి ఆ లోకం మీద నమ్మకం లేదన్న సంగతి చదివేవాడికి వెంటనే తెలిసిపోతుంది. మావాడి ప్రశ్న అలాంటిది కాదు. వాడు చిలకను ఎంతగా నమ్మాడంటే, దాని ఆకలి గురించి దిగులుపడ్డాడు. మాయను మామూలు జానపద కథకుడు నమ్మినదానికన్నా గట్టిగా నమ్మి, దాని ఖర్చులు, కాలపరిమితి, నిర్వహణ లెక్కగట్టినప్పుడే ఈ తరహా హాస్యానికి ఊపిరి వస్తుందని నా అభిప్రాయం.

ఇంగ్లీషులో ఈ పనిని జీవితకాలం చేసినవాడు టెర్రీ ప్రాచెట్. 1983లో మొదలైన ఆయన డిస్క్‌వరల్డ్ నవలలు 41. ఆయన లోకం పళ్లెంలా బల్లపరుపుగా ఉంటుంది, దాన్ని నాలుగు ఏనుగులు మోస్తుంటాయి, ఆ ఏనుగులు ఒక మహా తాబేలు వీపు మీద నిలబడి ఉంటాయి. ఆదికూర్మం, దిగ్గజాలు మనకు కొత్త కావు. మనకు ఎనిమిది ఏనుగులుంటే ఆయన నాలుగింటితో సరిపెట్టుకున్నాడు. మొదటి నవలలో కథానాయకుడు మంత్రాలు రాని మంత్రగాడు. అతని పాలబడిన యాత్రికుడు సొంత ఊళ్లో బీమా గుమాస్తా. కత్తులు, శాపాలు తప్ప మరొకటి ఎరుగని నగరంలో అతను అగ్నిప్రమాద బీమా అంటే ఏమిటో ఒక సారాయి అంగడి యజమానికి వివరిస్తాడు. తరువాత ఏం జరిగి ఉంటుందో మన ఊళ్లలో పెరిగినవారికి చెప్పనక్కరలేదు. యజమాని తన అంగడికి తానే నిప్పు పెట్టుకుంటాడు, నగరం తగలబడిపోతుంది. డ్రాగన్ చేయవలసిన పనిని ఒక కాగితం చేసింది.

దీన్ని దిగుమతి సరుకు అనుకోవడం పొరపాటు. కడప జిల్లా కమలాపురం దగ్గరి కోకటం అల్లసాని పెద్దన అగ్రహారం. ఆయన మనుచరిత్రలో సిద్ధుడిచ్చిన పాదలేపం పూసుకొని ప్రవరుడు క్షణంలో హిమాలయాలకు చేరతాడు. దివ్యశక్తి దొరికిన నాయకుడు ఘనకార్యాలకు బయలుదేరాలన్నది కట్టుబాటు. ఇక్కడ మాత్రం లేపనం మంచునీటికి కరిగిపోయి, అగ్నిహోత్రం వేళ మించిపోతుందని బెంగపడే గృహస్థు కొండల్లో చిక్కుకుంటాడు. మంచుకొండకు పంపే లేపనం మంచుకు ఆగుతుందా లేదా అన్నది సిద్ధుడూ చెప్పలేదు, ఇతడూ అడగలేదు. చిలకకు మేత ఎవరు వేస్తారన్న ప్రశ్నకు ఇది పదహారో శతాబ్దపు తోబుట్టువు. ఆ పైన అప్సరస ఎదురైతే ఇతడు అడిగేది ఇంటికి దారి! అంత పెద్ద కన్నులుండగా తోవ ఇంకెవరినో అడుగుతావెందుకని వరూధిని ఎత్తిపొడవడంలోని చురుకు, ఈ పద్యాన్ని పరీక్ష కోసం బట్టీపట్టిన రోజుల్లో నాకు తెలియలేదు. బడిలో మనకు ప్రవరుడి నిగ్రహం గురించే చెప్పారు గాని, అతని అవస్థలోని హాస్యం గురించి ఎవరూ చెప్పలేదు. నంద్యాల ప్రభువుల ఆశ్రయంలో పింగళి సూరన రాసిన కళాపూర్ణోదయం మరో మెట్టు పైకి వెళ్లి, కామరూపాన్ని, అంటే కోరిన రూపం దాల్చే శక్తిని, వరంగా ఇస్తే ఎదురయ్యే చిక్కు చూపిస్తుంది: రంభ ముందు మరో రంభ నిలబడి తానే అసలు రంభనని తగువు పెట్టుకుంటుంది.

తెర మీద కూడా ఈ ధోరణికి రాయలసీమ ముద్ర ఉంది. పాతాళభైరవి (1951), మాయాబజార్ (1957) తీసిన కె.వి. రెడ్డిది తాడిపత్రి, వాటిని నిర్మించిన విజయా సంస్థ భాగస్వామి నాగిరెడ్డిది కడప జిల్లా పొట్టిపాడు. మాయాబజార్‌లో రాక్షసులు కోటలు కూల్చరు, పెళ్లివారికి విడిది ఏర్పాట్లు చూస్తారు. మాయ ఎంత గొప్పదైనా, అతిథులకు పడకలు, వంటలు సమకూరాయా లేదా అన్నదే అక్కడి చింత.

భాష దగ్గర మాత్రం తెలుగు రచయిత కొంత ఆలోచించాలి. ప్రాచెట్ నవలల్లో మృత్యువు పాత్ర మాటలన్నీ క్యాపిటల్ అక్షరాల్లో అచ్చవుతాయి. చదువుతుంటే బావిలోంచి వినిపిస్తున్నట్టు ఉంటుంది. మన లిపిలో పెద్దబడి, చిన్నబడి లేవు. అయితే మనకు గ్రాంథికం ఉంది. యముడు "ఏమిరా నరాధమా" అని ఆరంభిస్తే, ఎదుటివాడు "యాడికి పోవాల సామీ, ఈ పొద్దు నీళ్ల వంతు మాది" అని అనంతపురం మాటలో బదులిస్తే, రెండు లోకాల మధ్య దూరం ఒక్క వాక్యంలో తెలిసిపోతుంది. పౌరాణిక నాటకం చూస్తూ పెరిగిన పాఠకుడికి ఆ తేడాను వివరించే పని లేదు.

నా అసలు ఫిర్యాదు ఇక్కడే ఉంది. సీమ నుంచి కథ అనగానే కరువు, ఫ్యాక్షన్ అని పాఠకులూ ప్రచురణకర్తలూ ముందే గిరి గీసుకొని కూర్చున్నారు. ఆ కథలు రావలసినవే, అవి లేకపోతే ఈ నేల గోడు బయటికి తెలిసేది కాదు. కాని కరువు గురించి నవ్వుతూ రాయగలిగినవాడికి కరువు ఇంకా లోతుగా తెలిసి ఉండాలి. ఉదాహరణకు, అనంతపురం జిల్లాలో ఒక ఊరికి వాన కురిపించే మాంత్రికుడు వచ్చాడనుకుందాం. మామూలు జానపదంలో ఊరు పండగ చేసుకుంటుంది. అసలు ఊళ్లో అయితే పెద్దమనుషులు ముందుగా అతన్ని పక్కకు పిలుస్తారు. ఇక్కడి శెనక్కాయ పంటకు వాతావరణ ఆధారిత బీమా వచ్చిన ఏండ్లలో పరిహారాన్ని తేల్చింది రైతు చేను కాదు, వర్షమాపకంలో నమోదైన మిల్లీమీటర్లు. కాబట్టి ఊరి షరతు ఒక్కటే: వాన చేలన్నింటి మీదా పడాలి, వర్షమాపకం మీద మాత్రం చుక్క పడకూడదు. మాంత్రికుడికి పంచభూతాలూ లొంగుతాయి గాని ఆ రెండు గజాల జాగా లొంగదు. లొంగితే ఊరు కరువు మండలాల జాబితాలో ఉంటుంది, లొంగకపోతే ఊడుతుంది. ఈ కథలో మాయ ఒకపాలు, తక్కినదంతా మన దినచర్య.

ఇలాంటి నవలకు చోటు వెతుక్కునే శ్రమ కూడా లేదు. పాత కర్నూలు జిల్లాలోని బెలుం గుహల పొడవు 3,229 మీటర్లు, అందులో దాదాపు సగం పర్యాటకులకు తెరిచారు. మిగిలిన సగంలో సర్దుకుంటున్న మాంత్రికుడికి, పగలంతా తలమీద సెలవుల సందడి భరించవలసిన ఇబ్బంది ఉంటుంది.

జేజి ఆ వారం చివర కథ ముగించిన తీరు చెప్పాలి. రాజకుమారుడు ఏడు సముద్రాలు దాటి, చెట్టు కిందికి వచ్చి కత్తి దూశాడు. జీతగాడు లేవను కూడా లేవలేదు. "మా సామి నాకు మూడేండ్ల జీతం బాకీ ఉండాడు. అదేదో నువ్విచ్చేసి చిలకను ఎత్తకపో" అన్నాడు. రాజకుమారుడు బేరమాడుతుండగా మాకు నిద్ర పట్టింది.