వెల్లుల్లి రసం తాగి గుండె మాత్రలు ఆపేస్తున్నవాళ్లకు

అల్లం, వెల్లుల్లి, నిమ్మ రసాల్లో యాపిల్ సిడార్ వెనిగర్ పోసి మరిగించి, తేనె కలిపి పరగడుపున తాగితే గుండె బ్లాకులు కరిగిపోతాయట. స్టెంట్లూ (నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టాలు) బైపాస్‌లూ డాక్టర్ల వ్యాపారమట, బైపాస్‌లో గుండెనే కోసేస్తారట, గుండెనొప్పి వస్తే గట్టిగా దగ్గితే చాలట. ఈ మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. గుంటూరు కొత్తపేటలో మాది మెడికల్ షాపు. ఫోన్‌లో ఇది చూపించి, "రసం తాగుతున్నాం కదా, ఇంక కొలెస్ట్రాల్ బిళ్ల మానేయొచ్చా" అని అడిగేవాళ్లు ఎక్కువైపోయారు, అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

ముందు రసం సంగతి. బ్లాకు అంటే సింకు పైపులో మడ్డిలా రక్తనాళం లోపల పేరుకున్నది అనుకుంటున్నారు కాబట్టే ఏదో తాగితే కడుక్కుపోతుందని నమ్ముతున్నారు. అది ఉండేది నాళం గోడలో, లోపలి పొర కింద. ఏళ్ల తరబడి కొవ్వు, కణాలు, పీచులాంటి కణజాలం, చివరికి సున్నం కూడా చేరి గట్టిపడిన పూడిక అది. మీరు తాగిన రసం పడేది కడుపులో, అక్కడ అంతకంటే ఘాటైన ఆమ్లం ఎలాగూ ఉంది. రక్తం పీహెచ్‌ను, అంటే ఆమ్లగుణం కొలతను, శరీరం 7.35, 7.45 మధ్యే పట్టి ఉంచుతుంది, ఈ రసంలోని వెనిగర్‌తో అది మారదు. పప్పులో, చారులో వెల్లుల్లి హాయిగా వేసుకోండి. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లు మాత్రం గాఢమైన రసం రోజూ తాగితే రక్తస్రావం ముప్పు పెరగవచ్చు.

రసం కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది మాత్రలు ఆపేయడం. మీరు మానేయొచ్చా అని అడిగే కొలెస్ట్రాల్ బిళ్ల, అంటే స్టాటిన్, చెడు కొలెస్ట్రాల్‌ను తగ్గించడంతో పాటు ఆ పూడిక పగలకుండా గట్టిపరుస్తుంది. పూడిక పగిలి దాని మీద రక్తం గడ్డకడితేనే కదా ఎక్కువసార్లు హార్ట్ ఎటాక్ వచ్చేది. ఇక కొత్తగా స్టెంట్ వేయించుకున్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా క్లోపిడోగ్రెల్ ఆపితే ఆ స్టెంట్‌లోనే గడ్డకట్టి ప్రాణం పోవచ్చు.

దగ్గడం గురించి. ఈ మాటకు ఒక మూలం ఉంది. 1976లో అమెరికాలో క్రైలీ అనే డాక్టర్, క్యాథ్‌ల్యాబ్‌లో (గుండె నాళాలను పరీక్షించే గది) బల్ల మీద గుండె లయ ఒక్కసారిగా దెబ్బతిన్న రోగుల చేత స్పృహ తప్పకముందే దగ్గించి, కాసేపు స్పృహ నిలబెట్టవచ్చని చూపించారు. అక్కడ ఈసీజీ నడుస్తూ ఉంది, షాక్ ఇచ్చే యంత్రం పక్కనే ఉంది. ఇంట్లో వచ్చే హార్ట్ ఎటాక్‌లో సాధారణంగా గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, నాళం మూసుకుపోయి ఉంటుంది. దగ్గితే ఆ గడ్డ కదలదు. సుమారు అరగంటకే కండరం చచ్చిపోవడం మొదలవుతుంది, ఆ అరగంటా దగ్గుతూ కూర్చుంటే ఎలా?

మా షాపుకి ఒక ఆటో డ్రైవర్ వచ్చి, "అన్నా, గ్యాస్ పట్టేసింది, బిళ్ల ఇవ్వు, పక్కన సోడా తాగి పోతా" అన్నాడు. చొక్కా కాలరు చెమటకి తడిసి మెడకి అంటుకుపోయి ఉంది, చేత్తో దవడ రుద్దుకుంటున్నాడు. బిళ్ల ఇవ్వకుండా ఎదురు సందులో ఈసీజీకి పంపించాం. ఎటాకే. షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో అసలు ఛాతీనొప్పే లేకుండా ఆయాసం, చెమట, వాంతి మాత్రమే రావచ్చు. అలాంటప్పుడు వెంటనే 108కి ఫోన్ చేయండి. అలర్జీ, కడుపులో పుండు లాంటివి లేకపోతే, వాళ్లు చెప్పినట్టు ఆస్పిరిన్ నమిలి మింగాలి. 1988లో వచ్చిన ఐసిస్-2 పరిశోధనలో 17,187 మంది రోగులున్నారు, అందులో ఆస్పిరిన్ ఒక్కటే గుండె, రక్తనాళాల మరణాలను 23 శాతం తగ్గించింది. చిల్లర డబ్బుల బిళ్ల అది.

స్టెంట్ వ్యాపారమే అన్న మాటలో కొంత నిజం ఉంది, దాచను. నడిస్తే నొప్పి, ఆగితే తగ్గిపోవడం, ఇలా నిలకడగా ఉన్న జబ్బులో చాలామందికి మంచి మందులు వాడితే చాలు, వాటికి తోడు స్టెంట్ వేసినా ఆయుష్షు పెరగలేదని 2007లో కరేజ్, 2020లో ఇస్కీమియా పరిశోధనలు చూపించాయి. తొందర లేని కేసుల్లో ఇంకో డాక్టర్‌కి చూపించుకోవడం మీ హక్కు. కానీ ఎటాక్ నడుస్తున్నప్పుడు నాళం తెరవడమే ప్రాణం నిలబెట్టే వైద్యం, అక్కడ బేరాలు వద్దు. ధర అంటారా, 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూసిన స్టెంట్‌కి 29,600, మామూలు దానికి 7,260 రూపాయలని పరిమితి పెట్టింది. అసలు గుండె నాళాన్ని బెలూన్‌తో తెరిచే వైద్యాన్ని 1977 సెప్టెంబర్ 16న జ్యూరిక్‌లో మొదటిసారి చేసిన గ్రుయెంట్‌జిగ్, తన బెలూన్ గొట్టాలను ఇంట్లో వంటగది బల్ల మీద స్వయంగా తయారు చేసుకున్నాడు.

బైపాస్‌లో గుండెను కోసేస్తారన్నది తప్పు. కాలి సిర గానీ ఛాతీలోని ధమని గానీ తీసి, బ్లాకు దాటాక నాళానికి కలిపి కుడతారు, అంతే. 1967లో క్లీవ్‌లాండ్‌లో దీన్ని నిలబెట్టిన ఫవలోరో అంతకుముందు అర్జెంటీనా పల్లెటూళ్లో వైద్యం చేసినవాడు. షుగర్ ఉండి మూడు నాళాలూ మూసుకున్నవాళ్లకు స్టెంట్ల కంటే బైపాసే ఎక్కువ కాలం కాపాడుతుంది. డబ్బున్నవాళ్లకే అనేవాళ్లు మన ఊరు గుర్తు తెచ్చుకోండి, 2016లో గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి జీజీహెచ్‌లోనే డాక్టర్ గోఖలే బృందం గుండె మార్పిడి చేసింది. ఆపరేషన్ చెప్పి ఉంటే రిపోర్టులు, కార్డు పట్టుకుని అక్కడ ఆరోగ్యమిత్ర కౌంటర్‌లో అడగండి.