మహారాజశ్రీ బూతుల ఫిల్టరు గారికి

ఉభయకుశలోపరి.

తమరు కాపలా కాసే గేమింగ్ సర్వర్లలో మేము మోడరేటర్లం. తమరు పట్టుకున్నవాళ్ళని విడిపించడం, వదిలేసినవాళ్ళని పట్టుకోవడం మా పని. అందుచేత తమరి పనితనం మాకు తెలిసినంతగా తమర్ని ఉద్యోగంలో పెట్టుకున్న అడ్మిన్లకు కూడా తెలియదు.

ముందు ఒక మెచ్చుకోలు. మ్యాచ్ ఓడాక చాట్‌లో ఇద్దరు కలబడతారు. మూడోవాడు అడ్డుపడి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేస్తాడు: "వాణ్ని తిట్టకు. సారీ అనాలి. అస్సలు గొడవొద్దు." ముగ్గురిలో తమరికి దొరికేది ఈ శాంతిదూతే. 'తిట్టకు'లో మొదటి మూడక్షరాలు టి, ఐ, టి. 'అనాలి'లో మొదటి నాలుగు ఏ, ఎన్, ఏ, ఎల్. 'అస్సలు' సంగతి విప్పి చెప్పక్కర్లేదు. మూడు వాక్యాలు, మూడు స్ట్రైకులు, పది నిమిషాల మ్యూటు. కలబడ్డ ఇద్దరూ నిక్షేపంగా కొనసాగిస్తారు. వాళ్ళు తిట్టుకుంటున్నది తమరికి రాని భాషలో.

ఇది తమరి వంశంలో కొత్తేం కాదు. 1996లో ఇంగ్లండులోని స్కన్‌థార్ప్ ఊరివాళ్ళని అమెరికా ఆన్‌లైన్ అనే ఇంటర్నెట్ కంపెనీ ఖాతా తెరవనివ్వలేదు. ఊరి పేరు కడుపులో ఒక బూతు దాగుందని తమరి పెద్దలెవరో కనిపెట్టారు. ఈ జబ్బుని ఇప్పటికీ ఆ ఊరి పేరుతోనే పిలుస్తున్నారు.

"పూర్తి పదం అయితేనే పట్టు" అని సెట్టింగు మారిస్తే పోతుందని అడ్మిన్లకు ఎవరో చెబుతారు. ఇంగ్లీషులో చాలావరకు పోతుంది. తెలుగులో మాటకు తోకలుంటాయి: గాడు, గాడా, గాళ్ళు, గాడివిరా. ఒక్క తిట్టుకు ఇరవై రూపాలు. తమరి జాబితాలో ఉండేది ఒకటి. ఇక తెలుగు లిపి సంగతికొస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. జావాస్క్రిప్టు అనే ప్రోగ్రామింగ్ భాష రెగెక్స్‌లో, అంటే మాటల్ని వెతికే సూత్రంలో, పద సరిహద్దు గుర్తు పెట్టారంటే, దాని దృష్టిలో తెలుగక్షరం అసలు అక్షరమే కాదు, కాబట్టి ఏదీ చిక్కదు. పైథాన్ అనే మరో భాషలో మామూలుగా వాడే రెగెక్స్ కాస్త చదువుకుంది. హల్లును అక్షరమంటుంది, దానికి తగిలించిన గుడినీ కొమ్మునూ కాదంటుంది. 'పిల్ల' అనే మాటని ఆపమంటే చివరి గుడి దగ్గర పదం అయిపోయిందనుకుని 'పిల్లి'ని పట్టుకొస్తుంది.

మాట మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనబడని అక్షరం ఒకటి దూర్చి తమర్ని దాటిపోయే కుర్రాళ్ళున్నారు. దానికి విరుగుడుగా కనబడని అక్షరాలున్న మెసేజీలన్నీ ఆపేస్తే, 'సాఫ్ట్‌వేర్' అని సరిగ్గా టైపు చేసినవాడు దొరికిపోతాడు. తెలుగులో ఆ అక్షరానికి న్యాయమైన వాడకం ఉంది మరి.

చేయాల్సింది ఇంత. మెసేజీని ముట్టుకోకుండా, పోల్చి చూడ్డానికి మాత్రం ఒక నకలు తీసుకోండి. నకల్లోంచి కనబడని అక్షరాలు తీసేయండి. అక్షరాల బదులు దూర్చిన సున్నాని 'ఓ'గా, 3ని 'ఈ'గా, డాలరు గుర్తుని 'ఎస్'గా మార్చండి. సాగదీసిన అక్షరాలు కుదించండి. 'టి హెచ్'నీ 'టి'నీ, 'డబ్ల్యూ'నీ 'వి'నీ ఒకటిగా చూడండి. తర్వాత తిట్టు మూలాన్ని పదం మొదట్లో మాత్రమే వెతకండి, తోక ఏదైనా కానివ్వండి. గేమర్లు కబుర్లాడుకునే డిస్కార్డ్ యాప్‌లోని ఆటోమాడ్ ఫిల్టరులో అయితే ఆ మాట చివర ఒక నక్షత్రం గుర్తు పెడితే చాలు. రెండు వైపులా పెట్టారో, మళ్ళీ స్కన్‌థార్ప్. 'తిట్టకు', 'అనాలి', 'అస్సలు' లాంటివి అనుమతి జాబితాలో వేయండి. కొత్త రూలేదైనా మొదటి వారం మెసేజీని ఆపకూడదు, మోడరేటర్ల చానెల్లో హెచ్చరిక వేసి ఊరుకోవాలి. చిక్కిన మొదటి వంద మెసేజీలు మనిషి చదివాకే ఆపే అధికారం. ఈ ఒక్క వారం ఓపిక లేకే సగం సర్వర్లు తగలబడుతున్నాయి.

ఇదంతా చేసినా తమరి చూపు మాట దాటి పోదు. స్నేహితులు "ఒరేయ్ దున్నపోతా" అనుకుంటే అది పలకరింపు. తెలంగాణలో "నీయవ్వ" అన్నది ఒక్కోసారి మంచి హెడ్‌షాట్‌కి, అంటే తలకి గురిచూసి కొట్టిన దెబ్బకి, చప్పట్లు. అదే ఒకడు కొత్తగా చేరినవాణ్ని "ఇంటిపేరేంటి బ్రో? అహా, అడుగుతున్నా అంతే" అంటాడు. అమ్మాయి గొంతు వినబడగానే "అక్కా, కూర మాడిపోతోంది చూసుకో" అంటాడు. బూతు లేదు, నక్షత్రాలు లేవు, తమరి లెక్కలో సభ్యత. ఆ అమ్మాయి మర్నాటి నుంచి మైకు ఆన్ చేయదు. వాయిస్‌లో అన్నది తమరికెలాగూ వినబడదు.

లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే ఆన్‌లైన్ ఆట తీసిన రయట్ కంపెనీ ఈ సంగతి లెక్కలేసి చూసింది. ఎప్పుడూ విషం కక్కేవాళ్ళు ఆటగాళ్ళలో ఒక శాతం. మొత్తం విషంలో వాళ్ళ వాటా అయిదు శాతం దగ్గరే. మిగతాదాంట్లో ఎక్కువ భాగం మామూలు మనుషులు చెడ్డ రోజున కక్కినదే. ప్రత్యర్థి జట్టుతో చాట్‌ని కావాలనుకున్నవాళ్ళే ఆన్ చేసుకునేలా మార్చేసరికి చెడు మాటలు 30 శాతానికి పైగా తగ్గాయి, మంచి మాటలు దాదాపు 35 శాతం పెరిగాయి. ఒక్క పదాన్నీ నిషేధించకుండా! నిషేధపు జాబితాకి మరో వంద బూతులు జోడించే అడ్మిన్‌కి ఇది చూపిస్తే నమ్మడు. జాబితా పొడుగైతే పని జరిగినట్టు కనిపిస్తుంది కదా.

అందుకే చెడ్డ రోజులకి చెడ్డ రోజు మందే వేస్తున్నాం. టోర్నమెంటు ఓటమి తర్వాత గంటసేపు 30 సెకన్ల స్లోమోడ్, అంటే ఒక మెసేజీకీ మరో మెసేజీకీ మధ్య 30 సెకన్లు ఆగాల్సిందే. మొదటి తప్పుకి హెచ్చరిక, తర్వాత 10 నిమిషాలు, ఒక రోజు, వారం, ఆ తర్వాత గేటు బయటికి. చంపుతానన్నవాడికి, ఇంటి అడ్రసు బయటపెట్టినవాడికి ఈ మెట్లు లేవు, తిన్నగా గేటే. శిక్షతో పాటు వాడన్న మాటని వాడికే అతికించి పంపుతాం. "రూల్ 4 ఉల్లంఘన" అంటే దెబ్బలాటకొస్తాడు, తన వాక్యం తనకే కనబడితే చాలామంది నోరు మూస్తారు. రికార్డు యూజర్ ఐడీ మీద ఉంటుంది, పేరు పూటకోటి మారుతుంది కాబట్టి. మోడరేటర్లు చేసిన పనుల చిట్టా అయిన డిస్కార్డ్ ఆడిట్ లాగ్ 45 రోజుల్లో చెరిగిపోతుంది కనుక విడిగా రాసుకుంటాం. అప్పీలు వస్తే బ్యాన్ వేసిన మోడరేటరు కాక ఇంకొకరు చూస్తారు. హైదరాబాదులో రాత్రి రెండింటికి, గొడవలు ముదిరే వేళ, డల్లాస్‌లో పట్టపగలు. ఆ షిఫ్టు అక్కడి మనవాళ్ళది.

ఇక తమరి ఉద్యోగం విషయం. తీసేయట్లేదు, హోదా తగ్గిస్తున్నాం. స్పామ్ లింకులు, ఫ్రీ స్కిన్లు (ఆటలో వేసుకునే వేషాలు) ఇస్తామనే మోసాలు, నిమిషానికి యాభై మెసేజీలు కుమ్మరించే బాట్లు తమరివి. వాటిలో తమరిని మించినవారు లేరు. మనుషుల మాటల దగ్గర మాత్రం చెయ్యెత్తి మమ్మల్ని పిలవండి, లాఠీ ఎత్తకండి.

ఇట్లు,
రాత్రి డ్యూటీ మోడరేటర్లు

తా.క.: ఈ ఉత్తరాన్ని తెలుగు లిపిలో రాసింది భాషాభిమానంతో అనుకునేరు. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే తమరే రెండో పేరా దగ్గర ఆపేసేవారు.