ఓటమికి అనుభవదారు

2025 ఏప్రిల్ 8వ తేదీ మంగళవారం ఉదయం తొమ్మిది గంటల వేళ, కందుకూరులో మా వీధి చివరి టీ బంకు దగ్గర నిలబడి ‘మనం ఓడిపోయాం’ అని నేను చేసిన ప్రకటనకు రావలసినంత సంతాపం రాలేదు. బంకు యజమాని సన్‌రైజర్స్ సంగతి అనుకుని, ‘అది ఆదివారం నాటి మాట కదా మాస్టారూ, వరసగా నాలుగు ఓడారు, మీరింకా లెక్కపెడుతున్నారా?’ అన్నాడు. క్రికెట్ కాదు బాస్కెట్‌బాల్ అనీ, హైదరాబాదు కాదు హ్యూస్టన్ అనీ, అమెరికా కళాశాలల జాతీయ ఛాంపియన్‌షిప్ ఆఖరి పోటీలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం చేతిలో మనవాళ్లు 65–63తో ఓడారనీ నేను ఓపికగా వివరించాను. అప్పటిదాకా టీలో బన్ను ముంచుకుంటున్న విశ్రాంత గ్రామ రెవెన్యూ అధికారి గారు తల ఎత్తి ఒకే ఒక్క ప్రశ్న వేశారు: ‘మనం అంటే ఎవరు మాస్టారూ? ఆధారం ఏమన్నా ఉందా?’

అక్కడికక్కడే జవాబు చెప్పలేకపోయినందుకు ఈ వ్యాసం రాయవలసి వచ్చింది. ముప్పై రెండేళ్లు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి గనుక, మేము అన్నప్పుడు వినేవాడు బయట ఉంటాడనీ, మనం అన్నప్పుడు వాడు కూడా లోపలికి వస్తాడనీ నాకు తెలియనిది కాదు. ఆయన అభ్యంతరం అసలు అక్కడే ఉన్నది. నేను ‘మేము ఓడిపోయాం’ అని ఉంటే ఆయన బన్ను పూర్తి చేసుకుని వెళ్లిపోయేవారు. మనం అనడం వల్ల ఒక్క నయా పైసా పెట్టుబడి లేకుండా ఆయన పేరు కూడా నష్టాల ఖాతాలోకి ఎక్కింది. సర్వీసు అంతా సరిహద్దు రాళ్ల మధ్య గడిపిన మనిషి దానికి ఊరుకుంటారా?

ఆయన భాషలోనే చెబుతాను. ఊరి భూముల లెక్క రాసే అడంగల్‌లో పట్టాదారు గడి వేరు, అనుభవదారు గడి వేరు. కాగితం ఎవరి పేర ఉన్నా ఆ నేల మీద ఎండకు ఎండి వానకు తడిసేవాడి పేరు రెండో గడిలో ఎక్కుతుంది. హ్యూస్టన్ జట్టుకు పట్టాదారు నిస్సందేహంగా ఆ విశ్వవిద్యాలయమే; ఆ ఓటమికి అనుభవదారుణ్ణి మాత్రం నేను. అనుభవ స్వభావం అనే గడి కూడా ఒకటి ఉంటుంది కదా, అందులో ‘కొనుగోలు, వాయిదాల మీద’ అని రాసుకోవచ్చు. మా అబ్బాయి అక్కడ ఎమ్మెస్ చదువుతున్నాడు. వాడి ఫీజు కోసం మా ఇంటి దస్తావేజులు ఒక బ్యాంకు బీరువాలో విశ్రాంతి తీసుకుంటున్నాయి, అప్పటికే డాలరు 85 రూపాయలు దాటి కూర్చున్నది. ఇంతా చేస్తే నా చేతికి ప్రత్యక్షంగా వచ్చినది జట్టు గుర్తయిన కూగర్ అనే జంతువు బొమ్మ వేసిన ఒక ఎర్ర చొక్కా. దాన్ని వేసుకుని పాలకు వెళితే, ఈ జిల్లాల సంప్రదాయం ప్రకారం ఇద్దరు ముగ్గురు ఆపి ‘మీటింగు ఎక్కడ కామ్రేడ్?’ అని అడుగుతారు. అంత మూల్యం చెల్లించినవాడికి కనీసం బాధపడే హక్కయినా రాకపోతే ఇక చట్టాలెందుకు?

ఇది చాలదంటే ప్రభుత్వ ఉత్తర్వునే సాక్ష్యానికి పిలుస్తాను. నేను పుట్టి పెరిగిన ప్రకాశం జిల్లా 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడి, 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టుకున్నది. ఐదు దశాబ్దాలపాటు ‘మనం’ అంటే ఒంగోలు వైపు చెయ్యి చూపించాం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు అమలులోకి వచ్చాయి. ముందు రాత్రి ప్రకాశంలో పడుకున్నవాళ్లం నెల్లూరులో లేచాం. ఇల్లు కదలలేదు, బావి కదలలేదు, మనం మాత్రం కదిలింది. మర్నాటి నుంచి నెల్లూరు చేపల పులుసును తప్పుపట్టే హక్కు కూడా పోయింది, ఎందుకంటే అది అప్పటికి మన పులుసు. ఒక్క సంతకంతో, నన్ను అడగకుండా, నా మనాన్ని ఒక కలెక్టరేటు నుంచి ఇంకో కలెక్టరేటుకు బదిలీ చేయగలిగినప్పుడు, నా అంతట నేనే ఫీజు కట్టి దాన్ని టెక్సాస్‌కు విస్తరించుకుంటే తప్పేమిటి?

హక్కు రుజువైంది గనుక నష్టం ఎంతో చెబుతాను. పోటీ శాన్ ఆంటోనియోలోని అలమోడోమ్‌లో జరిగింది. అక్కడ సోమవారం రాత్రి, మనకు మంగళవారం తెల్లవారి ఆరుంపావు దాటిన వేళ. ఆట నలభై నిమిషాలు, అంటే 2,400 సెకన్లు. అందులో ఫ్లోరిడా ఆధిక్యంలో ఉన్నది మొత్తం కలిపి 64 సెకన్లు. మిగిలిన 2,336 సెకన్లు మనం ముందో, సమానంగానో ఉన్నాం. రెండో సగంలో ఒక దశలో పన్నెండు పాయింట్లు ముందున్నాం. ఆ పన్నెండు చూసి నేను రెండో కాఫీ అడిగాను. ఇది వ్యూహపరమైన పొరపాటు అని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. నేను ఆ కాఫీ తాగుతుండగానే ఆధిక్యం కరగడం మొదలుపెట్టింది.

తిరునాళ్లలో ఒంగోలు ఎడ్ల బండలాగుడు చూసి పెరిగినవాళ్లకు ఈ ఆట నియమాలు మింగుడుపడవు. మన పోటీలో ఒక జతకు ఇన్ని నిమిషాలని ఇస్తారు, ఆలోగా బండను ఎంత దూరం లాగితే అంత దూరాన్ని టేపు పెట్టి అడుగులతో సహా కొలిచి రాసుకుంటారు. తర్వాత వచ్చిన జత ఇంకా ఎక్కువ లాగవచ్చు గాని, ముందు జత లాగిన బండను వెనక్కి నెట్టదు. బాస్కెట్‌బాల్‌లో మాత్రం పన్నెండు పాయింట్ల దూరం చెమటోడ్చి లాగి పెట్టిన బండను, అవతలివాడు వచ్చి మళ్లీ మొదటి గీత దగ్గరికి నెడుతుంటే అంపైరు ఈల కూడా వేయడు. ముందున్న సెకన్లను కొలిచి విజేతను తేల్చాలని నేను ప్రతిపాదించాను. రెవెన్యూ అధికారి గారు దాన్ని విని, ఆ లెక్కన పద్దెనిమిది రౌండ్లు ఆధిక్యంలో ఉండి ఆఖరి రౌండులో ఓడిన అభ్యర్థులందరికీ అసెంబ్లీలో కుర్చీలు వేయించాలన్నారు. వేయిస్తే ఏమవుతుంది? ఉన్నవాళ్లే ఎప్పుడూ కూర్చోవడం లేదు.

నన్ను ఎక్కువ బాధించినది వేరే ఉన్నది. ఫ్లోరిడా జట్టు పేరు గేటర్లు, అంటే మొసళ్లు. నీళ్లలో ఉన్న మొసలి ఏనుగును పట్టగలదనీ, బయటికొస్తే దానికి కుక్క చేతిలో కూడా పరాభవమేననీ, అదంతా స్థానబలమే గాని తన బలం కాదనీ నేను ముప్పై రెండు బ్యాచ్‌లకు ఆ పద్యం బోధించాను, వల్లెవేయించాను, పరీక్షలో భావం రాయించాను. శాన్ ఆంటోనియో ఉన్నది మన టెక్సాస్‌లో. సభాస్థలి మనది, గ్యాలరీల నిండా మన ఎర్ర చొక్కాలు. మొసలి తన నీళ్లు వదిలి, రాష్ట్రాలు దాటి, నున్నగా పాలిష్ చేసిన చెక్క నేల మీదికి వచ్చింది. పద్యం ప్రకారం దాన్ని అక్కడ ఎవరైనా ఓడించవచ్చు. అయినా అది గెలిచింది. ఇప్పుడు నా పాత విద్యార్థులలో ఎవరైనా వచ్చి ఆ పద్యానికి వేసిన ఐదు మార్కుల సంగతి ఏమిటని అడిగితే నా దగ్గర సమాధానం లేదు.

ఆఖరి నిమిషం గురించి రాయడానికి చెయ్యి రావడం లేదు కానీ రికార్డు కోసం రాస్తున్నాను. ఇంకా 46.5 సెకన్లు ఉందనగా ఫ్లోరిడా ఆటగాడు అలైజా మార్టిన్ రెండు ఫ్రీ త్రోలు, అంటే ఎవరూ అడ్డుపడకూడని బంతులు, వేసి వాళ్లను 64–63తో ముందుకు తీసుకువెళ్లాడు. ఇంకొకటి చేరి 65 అయింది. చివరికి బంతి మన ఇమాన్యుయేల్ షార్ప్ చేతికి వచ్చింది. మూడు పాయింట్ల గీత వెనక నుంచి అతను గాలిలోకి లేచాడు; అంతలోనే వాళ్ల వాల్టర్ క్లేటన్ ఎదురుగా ఎగిరి వచ్చి మీద వాలాడు. విసిరితే అడ్డుకుంటాడు, విసరకుండా బంతితో సహా నేల మీదికి దిగితే నియమోల్లంఘన. ఎటూ కాక షార్ప్ బంతిని చేతిలోంచి వదిలేశాడు. వదిలినవాడు ముందుగా తానే ముట్టుకున్నా తప్పే. మా కందుకూరు పొగాకు వేలం కేంద్రంలో కొనేవాడు లేక నోబిడ్ అయిన బేలు పక్కన రైతు నిలబడే తీరు మీరు చూశారో లేదో. తాను పండించినదే, తాను మోసుకొచ్చినదే, కళ్లెదుటే ఉన్నది, అయినా చేయగలిగింది లేదు. ఆ పిల్లవాడు బంతి పక్కన అలా నిలబడ్డాడు. ఫ్లోరిడావాడు ఒకడు దాని మీద పడి కావలించుకున్నాడు. గడియారం అయిపోయింది. గెలుపు కోసం మనవాళ్లు ఆఖరి బంతి విసరనే లేదు.

మా వంశంలో, అంటే హ్యూస్టన్ వంశంలో, ఇది కొత్త కాదని తర్వాత తెలుసుకున్నాను. 1983లో హకీం ఒలాజువాన్, క్లైడ్ డ్రెక్స్‌లర్ వంటి మహామహులతో, వరసగా 26 విజయాలతో ఫైనల్‌కు వెళ్లి, రెండో సగంలో ఆధిక్యం చేతికి రాగానే ఆట వేగం తగ్గించారట. ఆఖరి క్షణంలో నార్త్ కరోలినా స్టేట్ ఆటగాడు దూరం నుంచి విసిరిన బంతి రింగుకు అందకుండా కిందికి రాలిపోతుంటే, లొరెంజో చార్ల్స్ అనేవాడు దాన్ని గాలిలోనే పట్టి వలలో కుక్కాడు. 54–52. తేదీ ఏప్రిల్ 4. 2022లో మన జిల్లా మారిన తేదీ కూడా అదే. జ్యోతిషం మీద నమ్మకం లేనివాళ్లు ఈ వాక్యాన్ని దాటవేయవచ్చు. మరుసటి ఏడు, 1984లో, జార్జ్‌టౌన్ చేతిలో 84–75తో మళ్లీ ఫైనల్‌లోనే ఓడారు. ఆ ఏడు ఆగస్టులో పదవి పోయిన రామారావు గారికి సెప్టెంబరులో తిరిగి వచ్చింది. హ్యూస్టన్‌కు మాత్రం మళ్లీ ఫైనల్ గడప తొక్కడానికి 41 ఏళ్లు పట్టింది. తొక్కాక ఏమైందో పైన రాశాను. మొదటిసారి గురి తప్పిన బంతి ఓడించింది, ఈసారి విసరని బంతి ఓడించింది.

నిష్పాక్షికత కోసం ఒక చిన్న విషయం కూడా ఇక్కడ పెట్టాలి, పెద్దగా పట్టించుకోనక్కరలేదు. రెండు రోజుల ముందు, మనకు శ్రీరామనవమి ఆదివారం ఉదయం, సెమీఫైనల్‌లో ఇదే హ్యూస్టన్ రెండో సగంలో డ్యూక్ కంటే 14 పాయింట్లు వెనకబడి, ఆఖరి 35 సెకన్లకు కూడా ఆరు పాయింట్లు వెనకే ఉండి, 70–67తో గెలిచింది. ఆనాడు పానకం గ్లాసు చేతబట్టుకుని ‘పౌరుషం అంటే ఇదీ’ అని వీధి వీధంతా వినిపించేలా అన్నాను. ఆఖరి నిమిషంలో మనం లాక్కుంటే పౌరుషమూ, మనదగ్గర లాక్కుంటే ఘోరమూ ఎలా అవుతాయని మా ఇంటావిడ వడపప్పు గిన్నె కడుగుతూ అడిగింది. అది పూర్తిగా వేరే సందర్భం. డ్యూక్‌లో మనవాళ్ల అబ్బాయి ఎవడూ చదవడం లేదు.

అబ్బాయి అంటే గుర్తొచ్చింది. ఆట ముగిసిన పది నిమిషాలకు, వాడు ఎంత కుంగిపోయి ఉంటాడోనని గొంతు సవరించుకుని, ఓదార్పు మాటలు రెండు సిద్ధం చేసుకుని ఫోన్ చేశాను. ‘ల్యాబ్‌లో ఉన్నా నాన్నా, అసైన్‌మెంటు రాత్రి పదకొండు యాభై తొమ్మిదికల్లా పెట్టాలి, ఇంతకీ ఎవరు గెలిచారు?’ అన్నాడు. ఓటమికి పూర్తి బాధ్యత ఒంటిచేత్తో వహించవలసి వచ్చిందని అప్పుడు అర్థమైంది. ఉమ్మడి ఆస్తి అనుకున్నది నా ఒక్కడి పేరనే మిగిలింది.

మొక్కు ఒకటి ఉన్నది. కూగర్ అంటే కొండసింహం గనుక, కొండ మీది సింహానికి చెప్పుకోవడం సబబని, మాలకొండ లక్ష్మీనరసింహస్వామికి సెమీఫైనల్ నాడే మొక్కుకున్నాను. మాలకొండ గుడి తలుపులు భక్తులకు తెరిచేది శనివారం ఒక్కరోజే. మిగతా రోజుల్లో ఋషులూ దేవతలూ కొలుచుకుంటారని నమ్మకం. ఫైనల్ పడింది మంగళవారం. అర్జీ సకాలంలో స్వామి ముందుకు వెళ్లలేదని, అందువల్ల ఫలితాన్ని ఆయనకు ఆపాదించడం భావ్యం కాదని నిర్ణయించి, ఏప్రిల్ 12 శనివారం కొండకు బయలుదేరాను. ఓడిపోయాక మొక్కేమిటని అడిగిన రెవెన్యూ అధికారి గారు, సాక్షిగా ఉంటానని తానే బస్సెక్కారు.

అర్చన టికెట్టు తీసుకుని వరసలో నిలబడ్డాం. అర్చకులు గోత్రం అడిగితే నా గోత్రమే చెప్పాను. పేరు అడిగారు. నోటికి మా అబ్బాయి పేరే రావలసింది కానీ, చేతిలోంచి బంతి వదిలేసి నిలబడిన ఆ పిల్లవాడు కళ్ల ముందు మెదిలి, ‘ఇమ్మానుయేలు’ అన్నాను. అర్చకులు ఒక్క అక్షరం తడబడకుండా గోత్రంతో కలిపి చదివేశారు. వెనక వరసలోని పెద్దాయన ఒకరు ముందుకు వంగి, ‘ఎవరండీ ఆ అబ్బాయి, మనవాడేనా?’ అని అడిగారు.

నేను జవాబు వెతుక్కుంటుండగానే రెవెన్యూ అధికారి గారు కళ్లు మూసుకుని, చేతులు జోడించి, ‘మనవాడే’ అన్నారు.