ముప్పాతిక వేగంలో రంగశాయి

మొన్న ఆదివారం మా ఇంట్లో జరిగిన సంగతిని మిగిలిన నలుగురూ తలొక రకంగా ఊరంతా చెప్పకముందే నేనే రాసి పెట్టడం మేలని తోచింది. రాజమహేంద్రవరంలో మేము అయిదుగురం విశ్రాంత ఉద్యోగులం నెలకొకరి ఇంట్లో చేరి, ఎవరి దగ్గరున్న పాత కచేరీ రికార్డింగును వారు వినిపించగా విని, ఆ తరువాత దాని మీద గొంతులు పోయేదాకా వాదించుకుంటాము. వినిపించేవాడు ముందుగా ఆ రికార్డింగు గొప్పతనాన్ని గురించి పది నిమిషాలు మాట్లాడాలన్నది మా నియమం. నా కొంప ముంచింది ఆ నియమమే.

ఈసారి వంతు నాది. 1980లలో విజయవాడ ఆకాశవాణి నుంచి నేను స్వయంగా టేపు చేసుకున్న ఒక కచేరీ నా దగ్గర ఉంది. గాయకుని పేరు ఇక్కడ చెప్పను, ఆయన శిష్యులు ఈ ఊళ్లో ఇంకా ఉన్నారు. టేపు రికార్డరు చెడిపోయి ఇరవై ఏళ్లుగా వినలేకపోయిన ఆ క్యాసెట్టును మా అబ్బాయి దసరాకు వచ్చినప్పుడు తీసుకువెళ్లి, కంప్యూటరులోకి ఎక్కించి, డిసెంబరులో నా ఫోనుకు పంపాడు. అందులో ఉన్నది ఒకే ఒక్క కృతి, త్యాగరాజస్వామి వారి శ్రీరంగ పంచరత్నాలలోని ‘ఓ రంగశాయీ’. కాంభోజి రాగం ఆలాపన, నెరవు (ఒక పాదాన్ని పలు విధాలుగా విస్తరించి పాడడం), స్వరాలతో సహా.

విన్న మొదటిరోజే నాకు కళ్లు చెమర్చాయి. ఇంత తాపీగా, ఇంత నిండుగా పాడినట్లు నాకు జ్ఞాపకం లేదు. ఆ మాటకు వస్తే గత మూడు నెలలుగా ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫిడేలూ, ఈమని శంకరశాస్త్రి గారి వీణా కూడా నాకు ఇదివరకెన్నడూ లేనంత ప్రశాంతంగా వినిపిస్తున్నాయి. వయసు మీద పడితే సంగీతం లోతు తెలుస్తుందని పెద్దలు ఊరికే అనలేదని నాలో నేనే మురిసిపోయి, ఆ మురిపెం ఆపుకోలేక ఇద్దరు ముగ్గురితో అన్నాను కూడా.

ఆ ఊపులోనే నాలుగు పేజీల వ్యాసం రాసుకుని ఆదివారం సభలో చదివాను. ‘కాలప్రమాణం’, అంటే పాట నడిచే వేగం, దాని శీర్షిక. ఒక పక్కకు మూడు నిమిషాలు మాత్రమే పట్టే 78 వేగపు గ్రామఫోను ప్లేట్ల కోసం మన విద్వాంసులు కీర్తనలను కుదించి పరుగులు పెట్టించవలసి వచ్చిన రోజులను తలచుకుని బాధపడ్డాను. గాయకులు జి.ఎన్. బాలసుబ్రమణియం గారి బిర్కాల (మెరుపు గమకాల) వేగం ఆయన ప్రతిభ అనీ, ఆయనను అనుకరించేవారి వేగం కేవలం ఆత్రమనీ తేల్చాను. నేటి యువ గాయకులకు రైలు తప్పిపోతుందేమోనన్న తొందర ఎందుకని నిలదీశాను. చివరికి, మీరిప్పుడు వినబోయేది తొందర అన్న మాటే ఎరుగని మహానుభావుని గానమని చెప్పి, బ్లూటూత్ స్పీకరు కలిపి, ఫోను నొక్కాను.

కాంభోజి మొదలయింది. మొదటి సంచారానికే మా పెద్దాయన కళ్లు మూసుకున్నారు. ఎనభై దాటిన ఆయన విన్నన్ని కచేరీలు మేము నలుగురం విన్నవి కలిపినా రావు. తాళం వేయడమంటే ఆయనకు సంధ్యావందనంతో సమానం. ఆయన కుడి భుజం పట్టేసి ఆరు నెలలయింది, చేయి ఎత్తవద్దని డాక్టరు చెప్పాడు. అయినా పల్లవి అందుకోగానే ఆయన చేయి తొడ మీదికి దానంతటదే వెళ్లింది.

ఇక్కడ తాళం సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే కాఫీ సంగతి అర్థం కాదు. ఆదితాళానికి ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్క, ఆపైన దెబ్బా విసురూ రెండుసార్లు. విసురు అంటే చేతిని వెల్లకిలా తిప్పడం. రెండు కళల చౌకంలో, అంటే బాగా నిదానపు నడకలో, ఒక్కొక్క క్రియనూ రెండేసి సార్లు వేస్తారు కనుక, విసురు దగ్గర అరచేయి ఆకాశం వైపు చూస్తూ చాలాసేపే ఉండిపోతుంది. ఈ పాట మామూలుగానే చౌకం. ఆ రోజు మా ఇంట్లో అది చౌకానికే చౌకమయింది. పెద్దాయన చేయి వెల్లకిలా తిరిగి గాలిలో ఆగి, తరువాతి దెబ్బ కోసం ఎదురుచూస్తూ, సత్రం గుమ్మంలో ప్రసాదానికి నిలబడ్డ వాడి చేయిలా అలాగే నిలిచిపోయేది. కళ్లు మూసుకునే ఉన్నారు, ముఖంలో భుజం నొప్పికీ పరవశానికీ తేడా తెలియడం లేదు.

సరిగ్గా అటువంటి ఒక విసురు దగ్గర మా ఆవిడ కాఫీ గ్లాసుల పళ్లెంతో గదిలోకి వచ్చింది. పెద్దవారు చేయి చాచి కాఫీ అడుగుతున్నారనుకుని, పాపం, ఎంతో మర్యాదగా ఆ అరచేతిలో గ్లాసు పెట్టింది.

ఆయన కళ్లు తెరిచారు. గ్లాసును చూశారు. నా వైపు చూశారు. ఇంకొకరైతే గ్లాసు పక్కన పెట్టి మళ్లీ తాళం అందుకునేవారు. కానీ ఆవర్తనం, అంటే ఒక చుట్టు తాళం, మధ్యలో చేయి ఆపడం ఆయన ఎనభై ఏళ్ల జీవితంలో ఎన్నడూ చేయని పని. మొదటి విసురు అయిపోయింది. ముందున్నవి మరొక దెబ్బ, మరొక విసురు, ఆ తరువాత సమం, అంటే తాళం మళ్లీ మొదలయ్యే తొలి దెబ్బ. గాయకుడు ‘పిలిచితే’ అన్న మాట దగ్గర సంగతి వెనుక సంగతి (అదే పాదాన్ని రకరకాలుగా మార్చి పాడడం) వేస్తున్నాడే తప్ప ‘ఓ యనుచు రారాదా’ దాకా రావడం లేదు. ఇక్కడ కాఫీ పొగలు కక్కుతోంది. పెద్దాయన నిదానంగా, గ్లాసు తొణకకుండా, చేతిని తొడ మీదికి దించి దెబ్బ వేశారు. మా అందరి కళ్లూ గ్లాసు మీదే ఉన్నాయి. కాంభోజిని ఎవరు వింటున్నారు? రెండో విసురుకు చేయి వెల్లకిలా తిప్పవలసి ఉన్నా, గ్లాసు వల్ల అది ఇదివరకే వెల్లకిలా ఉన్నందున ఆ గండం గడిచింది. సమం వచ్చింది. ఎనభై ఏళ్ల అలవాటు చొప్పున సమం మీద ఆయన దెబ్బ గట్టిగా పడింది. కాఫీ మాత్రం సమం మీద పడలేదు. గాలిలో లేచి, అరమాత్ర ఆగి, అనాగత ఎడుపుతో, అంటే సమం దాటాక ఎత్తుకునే పాటలా, ఆయన గ్లాస్కో పంచె మీద పడింది.

“శభాష్!” అన్నారు ఇంజనీరుగారు. గాయకుణ్ణి ఉద్దేశించే అన్నానని ఆయన ఈ రోజుకూ అంటున్నారు.

పంచె తుడవడం, క్షమాపణలు చెప్పుకోవడం, పెద్దాయన ఎడమ చేత్తో తాళం కొనసాగించడం వగైరాలు విడిచిపెడుతున్నాను. నెరవు దాకా వచ్చేసరికి లెక్కల మాస్టారు క్యాసెట్టు పెట్టెను అటూ ఇటూ తిప్పి చూస్తూ, “ఏమండీ, ఇది అరవై నిమిషాల క్యాసెట్టు కదా, ఒక పక్కకు ముప్పై నిమిషాలే కదా పట్టేది, మనం వినడం మొదలుపెట్టి ముప్పై అయిదయింది, పాట ఇంకా అవలేదేమి?” అని అడిగారు. వెనకటి కంపెనీలు టేపును ధారాళంగా చుట్టేవని నేను సమాధానం చెప్పాను. ఎలా చెప్పానో ఇప్పుడు తలచుకుంటే నాకే ఆశ్చర్యంగా ఉంది. వంటింట్లోంచి మా ఆవిడ కూడా, “అరగంటలో అయిపోతుందన్నారు, పెసరట్లు వేసి కూర్చున్నాను, చల్లారిపోతున్నాయి” అంది. సంగీతానికీ పెసరట్టుకూ ముడి పెట్టవద్దన్నాను.

బ్యాంకాయన మరొక అనుమానం వెలిబుచ్చారు. మృదంగం మీద ఒక్కొక్క దెబ్బ వెనుకా నీడలాగా మరొక చిన్న దెబ్బ వినిపిస్తోందట. అది మృదంగం ఎడమ పక్క అయిన తొప్పి మీద పలికే గుమికి నాదమనీ, అటువంటి చేతివాటం ఇప్పటివారికి లేదనీ వివరించాను. ఆయన నమ్మి, ఆ మాట పుస్తకంలో రాసుకున్నారు. ఆ పుస్తకం ఎలాగైనా సంపాదించాలి.

ఇక ఇంజనీరుగారు. ఆయన మాటకు మా సభలో అప్పీలు లేదు. టేపు రికార్డర్లు విప్పి బిగించిన మనిషి, సంచిలోంచి శ్రుతిపెట్టె తీసి, కలిపి చూసి, “మాస్టారూ, మీ అనుమానం తప్పు. వేగం తగ్గితే శ్రుతి తగ్గి తీరాలి. మీరన్నట్లు ముప్పై నిమిషాల పాట నలభై నిమిషాలు సాగుతోందంటే వేగం ముప్పాతికకు పడిపోయినట్లు. అప్పుడు ఆయన ఆధార స్వరమైన షడ్జం వెళ్లి కింది స్థాయిలోని మంద్ర పంచమంలో కూర్చోవాలి. ఇదిగో, ఒకటో శ్రుతి, వెంట్రుకవాసి తేడా లేదు. కాబట్టి వేగమూ సరైనదే” అని తీర్పు చెప్పారు. బ్యాటరీలు నీరసించిన టేపు రికార్డరులో గాయకుల గొంతులు ఎలా దిగజారిపోయేవో ఉదాహరణలతో సహా వినిపించారు. “ఎం.డి. రామనాథన్ గారి విలంబమే విలంబమనుకున్నాను, ఈయన ముందు ఆయన పరుగెత్తినట్లే” అని కూడా అన్నారు. లెక్కల మాస్టారు నోరు మూసుకున్నారు. నేను కాలరు సవరించుకున్నాను.

పాట ముగిసింది. అందరమూ ఒక నిట్టూర్పు విడిచాము. అప్పుడు, నేను ఆపడం మరచిపోయిన ఆ ఫోనులో, కచేరీ చివర మిగిలిపోయిన అనౌన్సరు గొంతు వచ్చింది. రేడియోలో గంట కొట్టినట్లు మాట్లాడే ఆ తల్లి, భోజనం ఎక్కువై కునుకు తీస్తూ మధ్యలో లేచినట్లు, “ఇంఽతఽవఽరఽకూ… మీఽరూ… విఽన్నఽదీ…” అంటూ ఒక్కొక్క అక్షరాన్నీ బుజ్జగించి బయటికి పంపుతోంది. ‘ఆకాశవాణి’ అన్న మాటలో ఆకాశానికీ వాణికీ మధ్య నేను ఒక పెసరట్టు తినగలిగి ఉండేవాణ్ణి.

“ఆవిడకు ఒంట్లో బాగాలేదా?” అంది మా ఆవిడ.

లెక్కల మాస్టారు ఏమీ అనలేదు. చేయి చాచి నా ఫోను అడిగారు, అంతే.

నవంబరులో నాలాంటి పింఛనుదారులు జీవన ప్రమాణ పత్రం ఇవ్వాలి గదా. బతికే ఉన్నామని ఫోనులోనే ఎలా నిరూపించుకోవాలో చెబుతూ ఒక కుర్రవాడు మాట్లాడిన ఆడియోను ఎవరో పంపారు. ఆ కుర్రవాడు ఊపిరి తీసుకోడు. రెండు ముక్కలు అర్థం చేసుకుందామని నేను వేగాన్ని ముప్పాతికకు తగ్గించాను. ఆ సంగతి నేను మరచిపోయాను, యాప్ మరచిపోలేదు. మూడు నెలలుగా ద్వారం వారినీ ఈమని వారినీ అందరినీ అదే ముప్పాతికలో నడిపించింది. ఇదివరకు ఆ వేగం అంకె తెర మీదే కనిపించేది. అప్‌డేట్ పేరుతో ఎవరో మహానుభావుడు దాన్ని తీసి, మూడు చుక్కల వెనుక, వాటి వెనుక మరొక పట్టీలో దాచిపెట్టాడు. పైగా ఫోను మన టేపు రికార్డరులా నిజాయతీగా శ్రుతి దించదు. ధ్వనిని చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒకదాని అంచు మీద ఇంకొకటి అతికి, శ్రుతిని ఉన్నచోటే నిలబెట్టి, కాలాన్ని మాత్రం సాగదీస్తుంది. మృదంగం దెబ్బ వెనుక నీడ ఆ అతుకులదే. నా గుమికి నాదం అది.

ఈ వివరణ అంతా ఇంజనీరుగారే ఇచ్చారు, ఇదంతా తనకు ముందే తెలిసినట్లు. అయిదు నిమిషాల క్రితం చెప్పిన తీర్పు సంగతి ఎత్తితే, తాను టేపును గురించి మాట్లాడానని అన్నారు. టేపు ఎక్కడుంది మహాశయా, మాస్టారి చేతిలో ఖాళీ పెట్టె తప్ప?

సరైన వేగంతో మళ్లీ పెట్టి విన్నాము. బాగుంది. మామూలుగా బాగుంది. నా నాలుగు పేజీల వ్యాసాన్ని బ్యాంకాయన అట్లు తిన్న ప్లేటు కింద పెట్టుకున్నారు, చూసి చేశారో చూడక చేశారో తెలియదు.

నిన్న ఉదయం పెద్దాయన ఫోను చేశారు. పంచె సంగతి కాబోలని భయపడ్డాను. కాదు, ఆయనకు ఆ మొదట విన్నదే కావాలట. రెండోసారి విన్నదానిలో గాయకుడికి ఏదో తొందర పట్టుకున్నట్లుందట. రెండూ ఒకటేనని, తేడా అంతా మూడు చుక్కల వెనుక ఉందని చెప్పి, ఆ చుక్కలు ఎక్కడుంటాయో ఫోనులోనే వివరించబోయాను. అరగంటలో అయ్యే పనికి నలభై నిమిషాలు పట్టింది. ఆయనకు ఇప్పటివరకు రెండు చుక్కలు కనిపించాయి.